దిగే బండి

గుమ్మడికాయను షెడ్డు ప్రారంభానికి దిష్టి తీసి కొట్టడానికని తెచ్చాను. హైమ కొట్టనివ్వలేదు. రెండు చేతులా ఎత్తి బల్ల మీది పళ్ళెంలో పెట్టింది.

బల్ల మీద రెండు పళ్ళేలున్నాయి. గుండ్రంగా, నల్లగా, అట్లపెనాల్లా ఉన్నాయి. రెండింటికీ మధ్య తీగ లేదు, తాడు లేదు. ఒకదాంట్లో గుమ్మడికాయ. రెండోది ఖాళీ.

హైమ నా చెల్లెలు చిన్నమ్మలు కూతురు. పెద్ద చదువు చదివింది. నేను ఊరి బడిలో చదివినంత చదివి, కొన్నాళ్ళు కావడి మోసి, తర్వాత విశాఖపట్నం వచ్చి సిటీ బస్సు తోలినవాణ్ణి. ఆ పళ్ళేల వెనక లెక్క ఏమిటో నాకు తెలియదు. చూసింది చెబుతాను.

"మావయ్యా, ఇలా రా" అని మీట నొక్కింది.

చప్పుడు లేదు. వెలుగు లేదు. కిటికీలో కాకి కూడా కదల్లేదు.

"ఎత్తు."

కాయ కింద చేతులు పెట్టి ఎత్తబోయి వెనక్కి తూలాను. దూదిమూట ఎత్తినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. గుమ్మడికాయే. తొడిమకి మట్టి కూడా ఉంది.

"ఇప్పుడు ఆ ఖాళీ పళ్ళెం ఎత్తు."

కాయని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఎత్తబోయాను, లేవలేదు. అందులో ఏమీ లేదు. కానీ దాని కింద బల్లకోడు కిర్రుమంటోంది.

"బరువు అటెల్లిపోనాదేటి?" అన్నాను.

"ఎక్కడికీ పోలేదు మావయ్యా! పక్కకి జరిగిందంతే!" హైమ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "కావడే ఇది. బద్ద లేని కావడి!"

ఆ సంతోషంలో నేను కాయను చేత్తో పట్టుకునే పక్కకి తిరిగాను. పళ్ళెం దాటగానే దాని బరువు దానికి వచ్చేసింది. చేతులు జారి నా కాళ్ళ ముందు ఫెడేలున పగిలింది. షెడ్డులో కుర్ర ఇంజనీర్లు కంగారుపడ్డారు. హైమ మాత్రం నవ్వి, "దిష్టి పోయింది. ఎవరన్నా కాస్త కుంకం తేండర్రా" అంది.

కావడి అని అది ఊరికే అనలేదు.

సాలూరు అవతల మా ఊరికీ బడికీ మధ్య వాగుంది. హైమ చిన్నతనంలో నేను కొండచీపుళ్ళూ చింతపండూ సంతకి మోసేవాణ్ణి. ఒక తట్టలో సరుకు, ఇంకో తట్టలో బడికెళ్ళే హైమ. సరుకు లేని రోజున అటు తట్టలో రాయి వేసేవాణ్ణి. చూసినవాళ్ళు నవ్వేవారు. "గుంటని ఎత్తుకుపోక ఆ రాయినెందుకు మోస్తావురా తవిటినాయుడూ?" అనేవారు. మోసినవాడికి తెలుసు. ఒక పక్కే బరువుంటే కావడి నిలవదు.

ఇంకో సంగతి. కావడి భుజం మీదుండగా మాట్లాడకూడదు. మా తాత, మా అయ్య, మా వీధి మొత్తం అంతే. మాటకి ఊపిరి పోతుంది, ఊపిరికి అడుగు తప్పుతుంది. ఎవరు పలకరించినా తల ఊపడమే. బద్దని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకునేటప్పుడు మాత్రం, ఆ కాస్త సందులో, మాట్లాడొచ్చు. హైమ తట్టలో కూర్చుని నా ఊపిరి వినేది. అది మారగానే "మావయ్యా, భుజం మార్చు!" అని కేకేసేది. మార్చేవాణ్ణి. అప్పటిదాకా అది అడిగిన ప్రశ్నలన్నిటికీ అప్పుడు గబగబా జవాబులు చెప్పేవాణ్ణి.

రాయెందుకని అడిగింది ఒకసారి. "తూకానికి" అన్నాను. అంతకంటే చెప్పినట్టు గుర్తు లేదు.

*

సముద్రం ముందుకి రావడంతో ఒడ్డునుండే పేటలను ఎత్తి కొండ మీద పెట్టింది నగరం. తూర్పుకొండ కాలనీ అన్నారు. ఇళ్ళు బాగానే కట్టారు. పని మాత్రం కిందే ఉండిపోయింది. రేవు కింద, చేపల బజారు కింద, ఆసుపత్రి కింద. కొండ రోడ్డు నిట్రం, నిలువునా ఎక్కుడే. బస్సులు సగం దారిలో ఆయాసపడి నిలబడిపోయేవి. నేనే అలాంటి బస్సును ఎన్నిసార్లు వెనక్కి జార్చుకుంటూ దింపానో. మెట్లదారి ఉంది. దిగడం సుఖం. బియ్యం మూటతోనో, గ్యాసు బండతోనో ఎక్కడమే నరకం.

అక్కడికి హైమ ట్రాము వేసింది. ఒడ్డు నుంచి కొండ మీదికి ఒక పట్టా. సగం దారిలో రెండు బండ్లు తప్పుకోవడానికి జోడుపట్టాలు. ఒక బండి ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది. రెండు బండ్లకీ నేలంతా పళ్ళెమే. ఎక్కే బండిలో మనుషుల బరువు చాలావరకు దిగే బండిలోకి జరుగుతుంది. అక్కడ ఎంతమంది ఉంటే అంతమందికీ, బండి ఇనుముకీ సర్దుకుంటుంది.

"రెండు బండ్లూ నిండుగా ఉంటే దిగేవాళ్ళకి ఎంతుంటుందో తెలుసా మావయ్యా? చంటిబిడ్డని చంకనెత్తుకున్నంత. అంతే!" అంది హైమ. దాని కళ్ళు వెలుగుతున్నాయి. "ఎక్కేవాళ్ళకి మాత్రం రెక్కలే."

నడిపేవాడు హ్యాండిలు నొక్కి పట్టుకునే ఉండాలి. వదిలితే పళ్ళేలు ఆగిపోతాయి, ఎవరి బరువు వాళ్ళకి తిరిగొస్తుంది. ఒక బండి నాకిచ్చింది, రెండోది దాలయ్య అనే మనిషికిచ్చింది. దాలయ్యా బస్సులు తోలినవాడే. నాకంటే చిన్నవాడు, ఎద్దులాంటి మనిషి.

నగరంవాళ్ళు ఒక కమిటీ వేశారు. పద్మనాభంగారని దాని పెద్ద. మంచి మనిషి, కానీ ఖండితం. "కొండ మీద అమ్మవారి జాతర దాకా నడపండమ్మా. బాగుంటే కొండకొక లైను వేద్దాం. ఒక్క మనిషికి ఏమైనా అయిందో, మూసేస్తాను. మళ్ళీ నన్ను అడగొద్దు" అన్నాడు.

హైమ తల ఊపింది. దాని వయసు ఆడపిల్లలు పెళ్ళిళ్ళూ పేరంటాలూ చేసుకుంటుంటే ఇది ఆ నల్ల పళ్ళేల ముందు కూర్చుని జుట్టు నెరిసేదాకా ఉండిపోయింది. ఆ ట్రాము పోతే దానికి ఇంకేమీ లేదు. నాకా సంగతి తెలుసు.

*

మొదటి రోజు చూడాలి!

ఒడ్డున జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. బండికి మామిడి తోరణాలు, చక్రాల కింద నిమ్మకాయలు. హ్యాండిలు నొక్కగానే నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. మోకాళ్ళ నొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. బండి కదిలింది. నిట్రపు కొండ మీదికి, బస్సులు ఏడ్చిన చోట, గాలిపటం లేచినట్టు లేచింది. వెనకాల ఒకటే కేకలు. ఎగిరితే కాళ్ళు నేలకి ఆలస్యంగా ఆనుతున్నాయి. పిల్లలు ఎగురుతున్నారు. పిల్లల్ని ఆపాల్సిన ముసలాళ్ళు కూడా ఎగురుతున్నారు. కింద సముద్రం పళ్ళెంలో పోసిన నీలిమందులా కనిపిస్తోంది.

చేపలమ్మే నూకాలు తట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కింది. బండి కదలగానే తట్ట దించి, మూత గుడ్డ లాగి చూసింది.

"ఏటి బాబూ, నా సేపలున్నాయా ఎగిరిపోనాయా? బరువు తెలీటం నేదు!"

"ఉన్నాయిలే" అన్నాను.

"ఉన్నాయి సరే, నానున్నానా?" అని తన నడుం తడిమి చూసుకుంది. అందరూ నవ్వారు. నూకాలు మంచి ఒడ్డూ పొడుగూ గల మనిషి.

పక్కనున్న ఒకాయన కొక్కేనికి తగిలించే ముల్లు తక్కెడ తీసి, "అప్పా, ఆ వంజరం ఇక్కడే తూచి ఇచ్చీ" అన్నాడు. ముల్లు పావుకిలో దగ్గర ఆగింది. అది కిలోకి తక్కువ చేప కాదు.

"ఓరి నీ తెలివి తగలెయ్య!" నూకాలు చేపని లాక్కుంది. "దిగినాక తూస్తాను. నువ్వు సేపని కొంటన్నావా, గాలిని కొంటన్నావా?"

మర్నాటికల్లా హైమ బండిలో పలక తగిలించాల్సి వచ్చింది: బండి నడుస్తుండగా తూచి అమ్మరాదు.

ఆ నెలంతా నగరానికి ట్రాము పిచ్చి పట్టింది. నడవలేని తల్లులను కొడుకులు తెచ్చి ఎక్కించేవారు. తోటి ముసలివాళ్ళతో పందెం కాసి ఒంటికాలి మీద నిలబడి కొండెక్కిన తాతలున్నారు. పైకి చేరాక మాత్రం ఎవరి బరువు వాళ్ళకొచ్చి, అందరూ ఒక్కసారే "అబ్బా" అనేవారు. రోజూ వినేవాణ్ణి. రోజూ నవ్వొచ్చేది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, దిగడానికి ఎవరూ రాలేదు.

షెడ్డులో పరీక్షలప్పుడు రెండు బండ్లలోనూ సమానంగా ఇసుక బస్తాలు వేసి చూశారు. లెక్క సరిగ్గా వచ్చింది. ఇసుక బస్తాలకి ఇష్టాలుండవు. మనుషులు వేరు. ఎక్కేటప్పుడు గాలిలో తేలిన మనిషి, దిగేటప్పుడు ఒంటి మీద ఇంకొకరి బరువెందుకు వేసుకుంటాడు? మెట్లదారి ఉంది, చల్లటి గాలి ఉంది, మాట్లాడుకుంటూ దిగితే దిగినట్టే ఉండదు. "దిగడానికి ట్రామెందుకురా?" అనేవారు.

ఆ మాట నిజమే. నేనైనా అలాగే దిగుదును.

అలా ఎక్కే బండి కిటకిటలాడేది. దిగే బండి ఖాళీ. ఇనుము, నేను.

మొదటిసారి దిగినప్పుడు ఎవరో వెనకనుంచి వచ్చి రెండు భుజాల మీదా చెరో ధాన్యం బస్తా దించినట్టయింది. రెప్పలు కూడా బరువే. చెంపలు కిందికి లాగుతున్నాయి. హ్యాండిలు మీద నా చెయ్యి నాది కాదు, ఇంకెవరో భారీ మనిషిది. నా ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది. బద్ద భుజం మీదికెక్కినప్పుడు ఎలా సర్దుకుంటుందో అలా సర్దుకుంది. నడుం బిగించింది, ఊపిరి కొలిచి తీసుకుంది, నోరు మూసుకుంది.

కిందికి రాగానే ఫోనులో హైమ. "ఎలా ఉంది మావయ్యా?"

"బావుంది" అన్నాను.

హైమ పైనున్న గదిలో కూర్చుని తెరల మీద అంకెలు చూసేది. ఎక్కే బండిలో ఎంత తగ్గిందో దిగే బండిలో అంత పెరుగుతోంది. ఆ అంకెలు బరువే చెబుతాయి, ఎందరు మోస్తున్నారో చెప్పవు. లెక్క తప్పలేదు కాబట్టి దానికి అనుమానం రాలేదు. దాలయ్య కూడా నోరెత్తలేదు. ఒకసారి షెడ్డులో టీ తాగుతూ నా వైపు చూసి, "అన్నా, నీకూ..." అని ఆగిపోయాడు. నేను తల ఊపాను. వాళ్ళదీ కావడి మోసిన వీధే.

*

"అన్నియ్యా, నీ లుంగీ నేల రాస్తన్నాదేటి?"

చిన్నమ్మలు వాకిట్లో చేపలు తోముతూ అడిగింది. చూసుకున్నాను. నిజమే. అంచు మట్టి పట్టి ఉంది.

"సాగింది" అన్నాను.

"లుంగీ సాగుతాదేటి? ఉతికితే కురచవుద్ది గానీ." బూడిద చేతులతోనే లేచి దగ్గరికొచ్చింది. "ఇలా నిలబడు. మొన్నటిదాకా నీ తల ఈ దూలానికి తగిలీది. వంగి వచ్చీవోడివి. ఇయ్యాల నిక్కి వచ్చినా తగల్లేదు."

"దూలం ఎగిసింది."

"ఎగుస్తాది! నీ మేనకోడలు దానికీ పళ్ళెం పెట్టింది కదా!" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. నా మొహం చూసింది. సాయంత్రం ఆముదం కాచి తెచ్చి, బోర్లా పడుకోమని, నా వీపు మీద అరచేతులతో అదిమింది. వెన్ను మీద ఎక్కడో ఆమె వేలు ఆగింది.

"ఈడ పూసలు ఇడిఇడిగా తగిలీవి. దగ్గరికైపోనాయి" అంది మెల్లగా.

"గుంటకి సెప్పకు" అన్నాను.

"ఎందుకని?"

"జాతర కానీ."

చిన్నమ్మలు సరేనంది. కానీ ఆమె ఎప్పుడూ కావడి మోయలేదు. ఆమె నోటికి ఆ కట్టుబాటు లేదు.

*

జాతర రోజు కొండ ఎర్రటి చీరలా కదులుతోంది. మెట్ల మీద జనం, పట్టాల పక్కన జనం. తప్పెటగుళ్ళవాళ్ళు గుండెల మీద తప్పెట్లు కట్టుకుని, గజ్జెలు మోగిస్తూ, ఒక మెట్టెక్కి రెండు మెట్లు దిగుతూ ఆడుతున్నారు. ఆ మోత బండి అద్దాలకి తెలుస్తోంది. ఒడ్డున దాలయ్య బండిలోకి పద్మనాభంగారూ కమిటీవాళ్ళూ ఎక్కుతున్నారని ఫోనొచ్చింది. వాళ్ళ వెనకాల జనం తోసుకుని ఎక్కేశారట. తలుపులు పట్టుకుని వేలాడుతున్నారట. ఒంట్లో బరువు తెలియని బండిలో ఎంతమందైనా పడతారనుకున్నారు.

పైన నా బండి ఖాళీ. అమ్మవారికి మొక్కు తీర్చుకుని నడిచి దిగితేనే పుణ్యమన్నారెవరో. అందరూ నడిచే దిగుతున్నారు.

గంట మోగబోతుండగా హైమ పరిగెత్తుకొచ్చి ఎక్కింది. చెప్పులు కూడా లేవు.

"నీ గదిలో ఉండమ్మా. కమిటీ పైకొస్తన్నాది" అన్నాను.

"రానీ. అమ్మ ఇప్పుడే ఫోను చేసింది. లుంగీ సంగతి చెప్పింది." నవ్వడానికి ప్రయత్నించింది. "లుంగీ సాగిందన్నావట కదా మావయ్యా. దిగుదాం పద. నేనూ చూస్తాను."

గంట మోగింది. హ్యాండిలు నొక్కాను.

వచ్చి పడింది. ఇన్నాళ్ళుగా వచ్చినట్టు కాదు. ఆ రోజు జాతర మొత్తం వచ్చి నా భుజాల మీద కూర్చుంది. హైమ "అమ్మా" అని సీటు కమ్మీ పట్టుకుని కూలబడింది. లేవబోయింది. లేవలేకపోయింది. తల తిప్పి నన్ను చూసింది. ఏదో అంటోంది. నేను వినలేదు. ఒక్కో ఊపిరీ లెక్కపెట్టి తీసుకుంటున్నాను. అలా సగం దారి దిగాము.

జోడుపట్టాల దగ్గర ఎక్కే బండి ఎదురొచ్చింది. అక్కడ తప్పెటగుళ్ళవాళ్ళు పట్టాల మీదికొచ్చి ఆడుతున్నారు. దాలయ్య బ్రేకు వేసి ఆపాడు. నేనూ ఆపాను. రెండు బండ్లూ పక్కపక్కన నిలబడ్డాయి. హ్యాండిలు మాత్రం వదలకూడదు. అటు బండిలో జనం తేలుతున్నారు, పాడుతున్నారు, ఒకడు ఏకంగా ఇంకొకడి భుజమెక్కి ఆడుతున్నాడు. పద్మనాభంగారు పసిపిల్లాడిలా నవ్వుతూ హైమ వైపు చెయ్యి ఊపాడు.

హైమ ఆయన్ని చూడలేదు. నా చేతిని చూస్తోంది. గోళ్ళు నీలంగా మారాయి. నాకు కళ్ళ ముందు అంచులు నల్లబడుతున్నాయి. నేను పడితే హ్యాండిలు లేస్తుంది. హ్యాండిలు లేస్తే అటు బండికి బరువు ఒక్కసారిగా తిరిగొస్తుంది. ఆ బ్రేకులు తేలిక బండివి. వెనక నిట్రంగా కొండ, కింద మెట్ల నిండా జనం.

హైమకీ అదంతా కనిపించింది. మొహం తెల్లబోయింది. కానీ అది కేకలు పెట్టలేదు. నేల మీద చేతులు ఆన్చి పాకుతూ నా పక్కకొచ్చింది. నా గుండె దగ్గర చెవి పెట్టింది. కాసేపు నా ఊపిరి విన్నది. అప్పుడు, తట్టలో కూర్చున్నప్పటి గొంతుతో అంది:

"మావయ్యా, భుజం మార్చు."

నా చేతి మీద తన చెయ్యి పెట్టి నొక్కింది. నేను నా చేతిని కింద నుంచి లాగేసుకున్నాను. హ్యాండిలు కదల్లేదు. భుజం మారింది. ఇక మాట్లాడొచ్చు.

"తూకం నేదమ్మా" అన్నాను. "అటు తట్టే బరువు. ఇటు రాయెయ్యాల. మనుసులు... మనుసుల్ని ఎక్కించు."

హైమ కిటికీలోంచి మెట్లవైపు అరిచింది. "ఎక్కండి! ఈ బండి ఎక్కండి! దయచేసి ఎక్కండి!"

మెట్ల మీద జనం నవ్వారు. "మాకొద్దమ్మా, నడిసెల్తాం. మొక్కు!" అన్నారెవరో.

అప్పుడు మెట్ల మీంచి తట్టతో దిగుతున్న నూకాలు ఆగింది. కిటికీలోంచి నా మొహం చూసింది. తట్ట మెట్టు మీద దించింది. చక్కా వచ్చి బండెక్కింది. ఎక్కుతూనే మోకాళ్ళు వంగి, గోడ పట్టుకుని నిలబడి, అటు బండి చూసింది, ఇటు నన్ను చూసింది. తలుపులోంచి బయటికి తిరిగి ఒక్క కేకేసింది. రేవులో పడవకీ పడవకీ మధ్య వేసే కేక.

"ఒరేయ్! ఆ గాల్లో ఎగిరీవోల్ల బరువంతా ఈ మనిసొక్కడే మోస్తన్నాడర్రా! ఇన్నాల్లూ మన బరువూ ఈడే మోసినాడు! ఎక్కండి! మొక్కంట మొక్కు! అమ్మోరు మీ నడకడిగిందా? ఎక్కు! ఒలే పైడితల్లీ, నీ మొగుణ్ణి కూడా ఎక్కించు, బండలాగున్నాడు, పనికొస్తాడు!"

మొదట ఒకతను ఎక్కాడు. నా రొమ్ము మీంచి ఒక ఇటుక తీసినట్టయింది. ఇద్దరు ఎక్కారు. ఇంకో ఇటుక. తర్వాత మెట్లు మెట్లే బండిలోకి కదిలి వచ్చినట్టు వచ్చారు. తప్పెటగుళ్ళవాళ్ళు ఆట మానేసి గజ్జెలతోనే ఎక్కారు. ఎక్కినవాడు ఎక్కినట్టు మూలుగుతున్నాడు, ఆ మూలుగులోనే నవ్వుతున్నాడు.

"అమ్మో, నా నెత్తినెవుడ్రా కూకున్నాడు?"

"అదుగో, అటు బండిలో ఆడతన్నాది సూడు, మీ అత్త!"

"ఇంట్లోనూ అదే, ఈడా అదేనేటి!"

నేను ఊపిరి నిండా పీల్చాను. కళ్ళ ముందు నలుపు పోయింది. హైమ హ్యాండిలు మీద రెండు చేతులూ ఆన్చి ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ఏదో తెలియలేదు. అటు బండి కదిలి పైకి వెళ్ళింది. మేము దిగాము. కింద ఆగేసరికి నూకాలు నా పక్కన నేల మీద కూర్చుని, "ఇన్నాల్లూ సెప్పనేదేటి బాబూ, నోట్లో నాలిక నేదా?" అని తిడుతోంది. తిట్టనిచ్చాను.

*

వెన్నులో పూసలు అణిగిపోయాయని డాక్టరు చెప్పాడు. పోయిన ఎత్తు తిరిగి రాదన్నాడు. ఇక బండి తోలొద్దన్నాడు. దాలయ్యను కూడా పరీక్ష చేయించింది హైమ. వాడిది తొలిదశే, విశ్రాంతి తీసుకుంటే చాలన్నారు.

మర్నాడు అది తనే పద్మనాభంగారి దగ్గరికెళ్ళింది. నేను వద్దన్నాను. ఆయనకేమీ కనబడలేదు, ఆయన ఇంకా ఆ తేలిన ఆనందంలోనే ఉన్నాడు, చెప్పకపోతే కొండకొక లైను వచ్చేది. హైమ చెప్పేసింది.

"ఒక మనిషికి ఏమైనా అయితే మూసేస్తానన్నారు. అయింది. ఆ మనిషి మా మావయ్యే."

ఆయన లైను మూసేశాడు. మాట మీద నిలబడే మనిషి.

బండ్లు షెడ్డులో ఉండిపోయాయి. హైమ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేది. వానలొచ్చాయి. మెట్లు పాచి పట్టాయి. ఆ పాచి మీంచే నూకాలు, తూర్పుకొండ ఆడవాళ్ళు, జాతర రోజున మా బండెక్కిన గజ్జెలవాళ్ళు అందరూ దిగి కమిటీ ఆఫీసు ముందు కూర్చున్నారు. నన్నూ తీసుకెళ్ళారు.

"మేమే దిగుతాం బాబూ. మా వంతు మేం మోసుకుంటాం. బండి మాత్రం తియ్యండి" అంది నూకాలు.

"మాటలకేమమ్మా. దిగకపోతే?" అన్నాడు పద్మనాభంగారు.

గోడకి ఆనుకుని నిలబడ్డ హైమ అప్పుడు తలెత్తింది. "దిగకపోతే ఎక్కే బండి కదలదు" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది. మొహంలోకి గుమ్మడికాయనాటి వెలుగు వచ్చింది. "అలా చేస్తానండి! దిగే బండిలో చాలినంతమంది ఉంటేనే పళ్ళేలు పనిచేసేట్టు కడతాను. ఒక్కడి మీద పడనే పడదు!"

అలాగే కట్టింది. బండి నడిచింది.

ఇప్పుడు తూర్పుకొండ మీద ఉదయం నుంచీ ఒకటే సందడి. కింద జనం నిండగానే పైన స్టేషన్లో గంట మోగుతుంది. "ఒలే, ఎవరన్నా దిగండర్రా, కింద సుట్టాలు నిలబడిపోనారు!" అని కేకలు. పేకాట ఆడేవాళ్ళు ముక్కలు జేబులో పెట్టుకుని ఎక్కుతారు. కాలేజీ పిల్లలు ఎవరెంత మోయగలరో పందేలు. కిందికెళ్ళి, టీ తాగి, తేలుతూ పైకొస్తారు. పని లేకుండా కూడా దిగుతారు. ఎక్కిన ప్రతివాడికీ తెలుసు, అటు బండిలో ఎవరో తన బరువు మోస్తున్నారని. జోడుపట్టాల దగ్గర రెండు బండ్లూ తప్పుకునేటప్పుడు ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళకి దండం పెడతారు. అది ఎవరు మొదలెట్టారో తెలియదు.

నేను పైన స్టేషన్ బెంచీ మీద కూర్చుంటాను. నాకు దిగే పని లేదు. నన్ను ఎవరూ దిగనివ్వరు కూడా.

మొన్న మాత్రం గంట మోగగానే హైమ తల బయటికి పెట్టింది. ఆ రోజు అదే బండి నడుపుతోంది. "మావయ్యా, కింద నూకాలు కూతురు. ఆసుపత్రి నుంచి బిడ్డతో వస్తోంది. ఇంకొక్క మనిషి కావాలి" అంది. అని నాలుక కరుచుకుంది. "నువ్వు కాదులే. ఎవరైనా..."

నేను లేచి ఎక్కేశాను. బండి నిండా మనుషులున్నారు. నా వంతుకి ఎంతొస్తుంది!

బండి కదిలింది. నెమ్మదిగా వచ్చింది బరువు, చంకలోకి బిడ్డ వచ్చినట్టు. జోడుపట్టాల దగ్గర ఎక్కే బండి పక్కన ఆగింది. కిటికీ దగ్గర నూకాలు కూతురు, ఒళ్ళో గుడ్డలో చుట్టిన గుప్పెడంత బిడ్డ. బాలింత మొహం మీద అలసట లేదు. పక్కన నూకాలు రెండు చేతులూ జోడించి, మా బండిలో నన్ను చూసి, జోడించిన చేతులు విడదీసి వేలు చూపించి తిట్టడం మొదలెట్టింది. అద్దంలోంచి వినపడలేదు.

హైమ హ్యాండిలు మీంచి చూపు మరల్చకుండానే అడిగింది.

"ఎలా ఉంది మావయ్యా?"

భుజం మారలేదు. బరువు ఇంకా నా మీదే ఉంది. మా తాత, మా అయ్య ఎవరూ ఆ సమయంలో నోరు విప్పలేదు.

"బరువుగా ఉంది" అన్నాను.

హైమ నవ్వి, హ్యాండిలు వదలకుండా బ్రేకు తీసింది. దిగాము.